మిన్నీ బేలో వైను పరీక్ష

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదనుకునేవాణ్ణి. పోర్ట్‌బ్లెయిర్‌లో గుమాస్తా ఉద్యోగం, మిన్నీ బేలో రేకుల కప్పు క్వార్టరు, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రెండు నెలలైనా కాని కొత్త పెళ్ళాం. ఇరవై అయిదేళ్ళవాడికి తల తిరగడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ వేసవిలో, ఓడలో వైర్‌లెస్ పనిచేసే నా స్నేహితుడు (ఊరందరికీ భయ్యానే) ఎక్కణ్ణుంచో విదేశీ వైను సీసా సంపాదించాడు. పక్కింటి టీచర్ దీదీ ఏటా అనాసపండ్లతో ఇంట్లోనే వైను చేసేది. రెండూ పక్కపక్కన పెట్టి రుచి చూద్దామని ఇద్దర్నీ భోజనానికి పిలిచాను. పిలిచి, మా ఆవిడతో, "వాళ్ళ ముందు నువ్వేం మాట్లాడకు. నీ యాస విని నవ్వుతారు," అన్నాను. ఆవిడ తలూపి చేపల పులుసు పని చూసుకుంది.

వరండాలో చాప పరిచి స్టీలు గ్లాసుల్లో పోశాను. దీదీ వైను పండు వాసనతో తియ్యగా గొంతులోకి జారింది. "ఇది పిల్లల షర్బత్తు," అని పెదవి విరిచాను. విదేశీది నోట్లో పడగానే చెవులదాకా ఝుమ్మంది. కళ్ళు మూసుకుని, "దీన్ని డ్రై అంటారు. అలవాటైన నాలుకకే తెలుస్తుంది," అన్నాను (ఏదో పాత పత్రికలో చదివిన ముక్క). భయ్యా మింగలేక మింగి, "హా, ఏక్‌దమ్ డ్రై!" అన్నాడు. దీదీ పాపం తన సీసాకి మూత బిగించేసింది.

పులుసు వడ్డించడానికొచ్చిన మా ఆవిణ్ణి భయ్యా ఆపాడు. "భాభీ, మీరు చెప్పండి." ఆవిడ నా వైపు చూసింది. నేను కళ్ళతోనే వద్దన్నాను. ఆవిడ రెండు గ్లాసులూ వాసన చూసి, దీదీ వాలిపోయిన మొహం చూసి, మెల్లిగా అంది:

"ఈ సీమది పాడైపోనాదండి. ఒట్టి పులుపు. దీదీగారిదే బాగున్నాది."

"సచ్ బోలీ భాభీ!" అంటూ భయ్యా పడీపడీ నవ్వాడు, దీదీ కూడా. ఆ సీసా ఓడలో ఇంజను గది పక్కన నెలల తరబడి ఉడికిందట! వాళ్ళు నవ్వింది ఆవిడ యాసకి కాదు, మూసుకున్న నా కళ్ళకి. దీదీ ఆవిడ చెయ్యి పట్టి లాగి, "బైఠో, నువ్వూ మాతోపాటే తిను," అని పక్కన కూర్చోబెట్టుకుంది. ఇక ఆ సాయంత్రమంతా ఆవిడ కబుర్లే. వాళ్ళ ఊరి సంత, ఓడలో వాంతులు, అన్నీ అదే యాసలో. నాతో రెండు నెలల్లో అన్ని మాటలు మాట్లాడలేదు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ ఇరవై అయిదేళ్ళ కుర్రాడి డాబు మీద పెద్ద కోపం కూడా లేదు. కూర్చోమని ఆ చెయ్యి పట్టుకోవలసినవాణ్ణి నేను కదా, దీదీకి తోచినది నాకెందుకు తోచలేదా అనుకుంటాను, అంతే.