కొంగలకు ఇరవై నాలుగో స్థానం

ఎల్బర్ట్ మోస్లీ ఎదుట ఎవరైనా తాము గెలిచామని చెప్పుకుంటే, అభినందనకు బదులు ఆయన నోట వెలువడేది ఒకే ఒక్క ప్రశ్న: "ఎవరి మీద?" ఆ ప్రశ్న దెబ్బ తగలనివాడు కూపర్స్‌బర్గ్‌లో ఒక్కడూ లేడని, ఊరంతటికీ వంటగ్యాసు చేరవేసే రాయిస్ టిల్మన్ అంటూ ఉండేవాడు.

వెల్మా పెకాన్ గింజలతో చేసిన ‘పై’ అనే తీపి వంటకానికి జిల్లా సంతలో మొదటి బహుమతి వచ్చింది. ఆమె ఆ నీలి రిబ్బనును తన ఫలహారశాల గోడకు తగిలించిన రోజున ఊరంతా మెచ్చుకుంది. ఎల్బర్ట్ మాత్రం కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు.

"ఎవరి మీద గెలిచావమ్మా?"

"ముగ్గురి మీద."

"వాళ్లలో ఎడ్నాకి ఆ వారమంతా జలుబు. ఉప్పేదో పంచదారేదో తెలిసుండదు. నా లెక్కలో నీకు పదకొండో స్థానం."

"ముందు తిని మాట్లాడు, పెద్దాయనా."

తిన్నాడు. తొమ్మిదో స్థానానికి ఎక్కించాడు.

ఆ వేసవిలో ముప్పైమందికి బాప్తిస్మం ఇచ్చానని కింబ్రో పాస్టరు పొంగిపోతే, "పిల్లలేగా, పాస్టరుగారూ? ఆగస్టు ఎండకి చల్లటి నీళ్లు కనబడితే వాళ్లే దూకుతారు. గట్టి పాపి ఒక్కడైనా పడ్డాడా?" అని ఆరా తీశాడు.

"నీకోసమే చూస్తున్నాను, ఎల్బర్ట్," అన్నాడు పాస్టరు.

అలబామాలో శరదృతువు వస్తే బంతిని చేత్తో విసిరే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ తప్ప మరో ధ్యాస ఉండదు. ఏ జట్లు ప్లేఆఫ్ అనే చివరి పోటీలకు తగినవో తేల్చడానికి గెలుపుల లెక్క ఒక్కటే చాలదు. ఎవరు ఎంతటివారిని ఓడించారో, ఎంతటివారి చేతిలో ఓడారో తర్కించి, ఎక్కడో హోటలు గదిలో కూర్చున్న సంఘమొకటి మంగళవారం సాయంత్రం ఇరవై అయిదు జట్లకు ర్యాంకులు ప్రకటిస్తుంది. ఆ సంఘం మీద ఎల్బర్ట్‌కు ఏనాడూ గురి కుదరలేదు. అందుచేత అదే మంగళవారం పొద్దున్నే వెల్మా కొట్లో తన సంఘాన్ని కొలువుతీర్చేవాడు. అక్కడ జరిగే వాదం కాశీలోని శాస్త్రచర్చకు ఏమాత్రం తీసిపోదు. పూర్వపక్షం, ఖండనం, సిద్ధాంతం, నడుమ కాఫీ.

పెద్ద సంఘంలో ఒక నియమం ఉంది. సొంత కాలేజీ ప్రస్తావన వచ్చినప్పుడు సభ్యుడు గది విడిచి వెళ్లిపోవాలి. ఎల్బర్ట్ దాన్ని వేదవాక్కుగా స్వీకరించి, పైగా భాష్యం కూడా రాశాడు. చదివినవాడే కాదు, ఆ జట్టు టోపీ కొన్నవాడు సైతం వెనక వసారాలోకి నడవవలసిందే. మేనల్లుడు ఒక సెమిస్టరు చదివిన పాపానికి పాస్టరు ఒకసారి అరగంట వానలో నిలబడి, లోపలున్నవారి ఆత్మల కోసం ప్రార్థించి వచ్చాడు.

ఈ కొలువులో బల్లకు ఆ కొసన రాయిస్, ఈ కొసన అతని తమ్ముడు డ్వైట్ కూర్చునేవారు. అన్నదమ్ములకు నాలుగేళ్లుగా మాటల్లేవు. తండ్రి పోయాక, ఆయన మాంసం పొగబెట్టే ఇనుప పొయ్యిని రాయిస్ అడగకుండా తన ఇంటికి తీసుకుపోవడమే దానికి కారణం. నాటినుంచి థ్యాంక్స్‌గివింగ్ పండుగకు వాళ్ల తల్లి ఓపల్ రెండు విందులు వండుతోంది, మధ్యాహ్నం పెద్దవాడికి, సాయంత్రం చిన్నవాడికి. ఈ ఏడు ఆమె ఇద్దరికీ కబురంపింది.

"నా మోకాళ్లు ఇంక ఒప్పుకోవు. ఒక్క కోడి, ఒక్క బల్ల. ఇద్దరూ కలిసొస్తే సరే. లేదంటే తలుపుకి తాళం వేసి వెల్మా కొట్లో తింటాను."

తల్లి అన్నంత పనీ చేయగలదని రాయిస్‌కు తెలుసు. తాను ముందు నోరు విప్పలేడని అంతకన్నా బాగా తెలుసు.

సరిగ్గా ఆ అక్టోబరులోనే ఎల్బర్ట్‌కు టాలవా స్టేట్ కాలేజీ జట్టు మీద మక్కువ పుట్టింది. ఆ జట్టును కొంగలంటారు. ఆ ఏడు ఒక్క ఆటా గెలవలేదు. టిల్మన్ సోదరులిద్దరూ చదివింది అక్కడే.

"కొంగలకి ఇరవై నాలుగో స్థానం ఇవ్వాలంటాను," అన్నాడు ఎల్బర్ట్.

వెల్మా కాఫీ కూజాను బల్ల మీద పెట్టేసింది.

"మతి గాని పోయిందా?" అంది వెల్మా. "అన్నీ ఓడారు!"

"ఎవరి మీద? అది చూడండి! మహామహుల మీద ఓడారు! రాయిస్, డ్వైట్, లేవండి. బయటికి."

వసారాలో ఉన్నది ఒక బల్లపీట, ఒక ఐసుపెట్టె. మొదటి మంగళవారం ఇద్దరూ జయవిజయుల్లా తలుపుకు చెరొకపక్క నిలబడి చెరొక దిక్కు చూశారు. రెండోవారం జల్లు కొట్టడంతో పీట మీద కూర్చోక తప్పలేదు. మూడోవారం తలుపు సందులోంచి ఎల్బర్ట్ గొంతు ఖంగుమంది.

"ఆ క్వార్టర్‌బ్యాక్ విసురు చూశారా? బంతి ఎక్కడికి చేరాలో అక్కడికే చేరుతుంది!"

"చేరుతుంది," అన్నాడు డ్వైట్, ఐసుపెట్టెతో చెబుతున్నట్టు. "అవతలి జట్టు చేతుల్లోకి."

రాయిస్ నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. "పోయినవారం రిఫరీ చేతిలోకి కూడా వెళ్లింది."

"ఆయన ఒక్కడే పట్టుకున్నాడు."

తమ జట్టు ఎంత అధ్వానమో లోపలివారికి తెలియదన్న బాధ ఇద్దరినీ కలిపింది. తర్వాతి వారం మాటలు ఆటను దాటాయి.

"ఆ పొయ్యి తలుపు సరిగా పడట్లేదురా," అన్నాడు రాయిస్, బూట్ల వంక చూస్తూ. "పొగంతా పోతోంది."

"ఎత్తి, ఎడమకి నెట్టి మూయాలి. నాన్న అలాగే మూసేవాడు."

"నాకెవరు చెప్పారు?"

"నువ్వు అడిగావా, అన్నయ్యా?"

రాయిస్ చలిగా ఉందని సాకు చెప్పి, కాఫీ తెస్తానని లేచి, తలుపు జానెడు తీశాడు.

లోపల వాదమేమీ జరగడం లేదు. పాస్టరు పేపరు చదువుకుంటున్నాడు. వెల్మా గిన్నెలు తుడుస్తోంది. ఎల్బర్ట్ పెకాన్ పై ముక్కను నింపాదిగా నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, తలుపు కేసి మెడ చాచి, "ఒప్పుకోను! ప్రాణం పోయినా ఒప్పుకోను! కొంగలకి న్యాయం జరిగి తీరాలి!" అని గర్జించి, మళ్లీ చెంచా అందుకున్నాడు.

"ఇవాళ ఇంకెంతసేపు?" అంది వెల్మా గుసగుసగా.

"ఇందాకే మాటలు వినబడ్డాయి. ఇంకో ముక్క పెట్టు."

రాయిస్ తలుపు చప్పుడు కాకుండా మూశాడు. వచ్చి, ఈసారి కొంచెం దగ్గరగానే కూర్చున్నాడు.

"కాఫీ ఏదీ?" అన్నాడు డ్వైట్.

"లోపల కొట్టుకు చస్తున్నారు. ఇప్పట్లో తేలేలా లేదు." రాయిస్ గొంతు సవరించుకున్నాడు. "పండక్కి అమ్మ కోడిని ఆ పొయ్యిలోనే పెడదామా? తలుపు నువ్వు మూద్దువుగాని."

పండుగనాడు ఓపల్ ఇంట బల్ల ఒక్కటే వేశారు. ఎల్బర్ట్‌కు కూడా పిలుపు వెళ్లింది. కొంగలు అంతకుముందు శనివారమూ ఓడిపోయాయి గాని, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. చివరి కోడి ముక్క కోసం కొడుకులిద్దరూ ఫోర్కులతో తగవులాడుకుంటుంటే, ఓపల్ ఎల్బర్ట్ పళ్లెంలో పెకాన్ పై ముక్క వడ్డిస్తూ, "మొత్తానికి గెలిచాను," అంది.

ఎల్బర్ట్ కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు.

"ఎవరి మీద?"

ఆమె గరిటెతో కొడుకులిద్దరినీ చూపింది. ఎల్బర్ట్ వాళ్లను ఎగాదిగా చూశాడు.

"గట్టి జట్టే," అన్నాడు. "మొదటి స్థానం."

అటుపై రాయిస్ వైపు తిరిగి, "నువ్వూ నీ తమ్ముడూ బయటికి పోవాలిరా. మీ అమ్మ విషయం చర్చిస్తున్నాం," అన్నాడు.

"ఆ పెకాన్ పై ముక్క పట్టుకుని నువ్వే పో, పెద్దాయనా," అన్నాడు రాయిస్. "తలుపు వెనకనుంచి అరవడం నీకు అలవాటేగా."