కార్డుల అంచు మీద నర్సింలుగారి గీత

ఎరుపూ నీలమూ రెండు మొనలున్న పెన్సిలును బ్లేడుతో చెక్కుతుంటే వచ్చే చెక్క వాసన నన్ను యాభై ఏళ్లు వెనక్కి లాక్కుపోతుంది. ఈ పొద్దున కొండాపూర్‌లో మా తొమ్మిదో అంతస్తు బాల్కనీలో కూర్చుని అదే పని చేస్తున్నాను. ఎదురుగా ఆకాశాన్ని మూసేస్తూ అద్దాల మేడలు. మనవరాలు ఫోనులోంచి తలెత్తి, "అమ్మమ్మా, ఇవి ఇంకా అమ్ముతున్నారా?" అని నవ్వింది. నవ్వనీ. ఒకప్పుడు నేనూ ఇలాగే నవ్వాను, అదీ నర్సింలుగారి ముఖం మీదే. ఆ నవ్వుకు సిగ్గుపడే రోజు రావడానికి ఎంతో కాలం పట్టలేదు.

డెబ్బయ్యో దశకం మధ్యలో ఇదే కొండాపూర్ బండరాళ్ల నడుమ ఒక పల్లె. అక్కడొక కిరాయి పెంకుటింట్లో బావుల సర్వే ఆఫీసు ఉండేది. ఏ ఊళ్లో ఏ బావికి ఎంత లోతున నీళ్లున్నాయో అట్టకార్డుల మీద చిల్లులుగా పొడవడం నా పని. పట్నంలోని కంప్యూటరు ఆ చిల్లులు చదివి, ఎక్కడెక్కడ బోర్లు వేయాలో జాబితా ఇవ్వాలి. తెనాలి నుంచి తాత్కాలిక ఉద్యోగానికి వచ్చిన ఇరవై రెండేళ్ల పిల్లను. కంప్యూటరు అన్న మాట పలికితేనే నా మెడ కాస్త నిటారుగా అయ్యేది. కార్డులను కట్టలు కట్టి డబ్బాలో సర్దేది నర్సింలుగారు. ఖాజాగూడ మనిషి. అంతకుముందు ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టారు. ఉర్దూ తప్ప మరో భాష చదవడం రాదు.

ఆయన నూరు కార్డులను కట్టగా పేర్చి, బల్ల మీద తట్టి సమం చేసి, పై అంచు మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా పెన్సిలు గీత గీసేవారు. మొదటి కట్టకు ఒక ఎర్ర గీత, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు. ఆపైన మూడు కట్టలకూ అదే వరసలో నీలం.

"ఇది పుస్తకాలు కుట్టే పని కాదండీ, కంప్యూటరు పని," అన్నాను ఒకరోజు నవ్వుతూ.

ఆయనకు కోపం రాలేదు. "నేను కుట్టిన ఇంగ్లీషు బుక్కులల్ల ఒక్క అచ్చరం నాకు రాదు బిడ్డా. గిట్ల గీత జూసే పేర్చిన. ఒక్క పేజీ ఎనకముందు కాలే. నీ చిల్లులు నువ్వు సదువుతవా?"

"నేనెక్కడ చదువుతానండీ, మిషను చదువుతుంది."

"మరి మిషన్ దాక సక్కగ పోవాలె గద."

ఆ వేసవిలో మా ఆఫీసు ఇంజనీరుగారు ఖండితంగా చెప్పేశారు. కంప్యూటరు మనకు శుక్రవారం రెండింటికి, ఒక్క గంట దొరుకుతుంది. జాబితా సరిగ్గా రాకపోతే ఈ కార్డుల పద్ధతి ఎత్తేస్తారు, తాత్కాలికం వాళ్లందరూ ఇంటికే. నాన్న పోయాక మా ఇంటికి జీతం తెచ్చేదాన్ని నేనొక్కదాన్నే. నాకు నిద్ర పట్టలేదు. గడువు అందుకోవాలన్న తొందరలో పెద్ద తప్పు చేశాను. ప్రతి కార్డు చివరా వరుస సంఖ్య పొడవాలి. ఆరు వందల కార్డులకూ అది వదిలేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాను.

శుక్రవారం పొద్దున జీపులో బయల్దేరాం. ఖాజాగూడ దగ్గర చక్రం బండ మీదికెక్కి దిగేసరికి నా ఒళ్లోని డబ్బా ఎగిరి రోడ్డున పడింది. కట్టల దారాలు తెగి కార్డులన్నీ ఎర్రమట్టిలో కలగాపులగమయ్యాయి. ఊరి పేరు ఒక కార్డు మీదే ఉంటుంది, దాని వెనక వచ్చేవన్నీ ఆ ఊరి బావులు. ఒక్క కార్డు తారుమారైనా ఖాజాగూడ బావి నీళ్లు మియాపూర్ లెక్కలో పడతాయి. నేను అక్కడే కూలబడ్డాను. "వరుస నంబర్లు వేయలేదండీ," అని ఏడ్చేశాను.

నర్సింలుగారు కండువా తీసి నేల మీద పరిచారు. "జర ఊకో బిడ్డా. ఫికర్ చెయ్యకు. గీతలున్నయి గద."

విడి కార్డు అంచు మీద గీత చుక్కలా కనిపిస్తుంది. ఎర్ర చుక్కలవి ఇటు, నీలం చుక్కలవి అటు వేశాం. ఒక చుక్కవి, రెండు చుక్కలవి, మూడు చుక్కలవి విడదీశాం. చుక్క ఎడమ చివర ఉంటే ముందు కార్డు, కుడికి జరిగేకొద్దీ తర్వాతవి. డ్రైవరు మట్టి దులిపి అందిస్తుంటే, గంటన్నరలో ఆరు కట్టలూ తయారయ్యాయి. ఒక్కో కట్టనూ ఆయన జీపు ముందు భాగం మీద తట్టి, కన్ను దగ్గరగా పెట్టి చూశారు. "గీత కలిసింది. ఇగ నడువు," అన్నారు.

రెండింటికి యంత్రం కార్డులు మింగడం మొదలుపెట్టింది. కాగితం బయటికొస్తుంటే వంగి చూశాను. ఏ ఊరి పేరు కింద ఆ ఊరి బావులే ఉన్నాయి. ఇంజనీరుగారు మా పాత రిజిస్టరుతో పోల్చుకుంటూ చివరిదాకా వేలు పెట్టి చూసి, "ఒక్కటీ తప్పలేదమ్మా," అన్నారు. అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేశాను, తప్పు నాదని, నిలబెట్టింది నర్సింలుగారి గీత అని. చీవాట్లు పడ్డాయి, ఉద్యోగం నిలిచింది. సోమవారం నుంచి ప్రతి కట్టకూ నంబర్లతో పాటు గీత కూడా ఉండాలని ఉత్తర్వు వచ్చింది. నాకు పట్టలేనంత సంతోషం. నర్సింలుగారు మాత్రం ఆ ఉత్తర్వు అంచు వేళ్లతో నిమిరి, "కాయితం మంచిది," అన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను కంప్యూటరు విభాగానికి పెద్దనై రిటైరయ్యాను. కార్డులు పోయాయి, టేపులు పోయాయి, వాటి తర్వాత వచ్చినవీ పోయాయి. నేను చేతిరాతతో నింపిన ముప్పై రెండు నోటుబుక్కులు మాత్రం అరలో ఉన్నాయి, వాటి వీపుల మీదుగా నేను గీసిన ఒక నీలం గీత వాలుగా సాగుతుంది. ఈ పొద్దున పనికొచ్చే లక్ష్మి దుమ్ము దులపడానికి అన్నింటినీ కిందికి దింపింది. తనకు చదువు రాదు. మనవరాలు లేచి, "ఉండు, తేదీలు చూసి నేను చెప్తా," అనేలోపే ముప్పై రెండూ పేర్చేసి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

"గీత కలిసిందమ్మా," అంది.

నేను పెన్సిలు పట్టుకుని మనవరాలి వైపు చూశాను. ఆ చూపులో గర్వం ఉంటే ఉండనీ. నర్సింలుగారి తరఫున ఆమాత్రం గర్వపడే హక్కు నాకుంది.