నిప్పు తగిలిన ఆల్చిప్పలు

నిన్న సాయంత్రం ఇబ్రహీంపట్నంలో పళ్ల డాక్టరు నా దవడపన్నును మరతో తొలుస్తుంటే, కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్న నాకు నొప్పి కన్నా ముందు వసుంధర మేడం గుర్తుకొచ్చారు. ఆల్చిప్పను తొలిచినా అచ్చం ఇదే వాసన. ఆమె ప్రయోగశాలలో ఏళ్ల తరబడి దాన్ని పీల్చినవాణ్ని. నా కళ్లలో నీళ్లు చూసి డాక్టరు నొప్పిగా ఉందా అని అడిగాడు. అవునన్నట్టు తలూపాను. నోట్లో మర పెట్టుకుని అంతకన్నా ఏం చెప్పగలను?

పాత ఊళ్ల దిబ్బలు తవ్వించి, అందులో దొరికిన చిప్పలను బట్టి ఆ కాలపు వానల సంగతి తేల్చడం మేడం పని. ఆల్చిప్ప తానున్న చెరువు నీటితోనే తన గుల్ల కట్టుకుంటుంది, పెరిగేకొద్దీ గీత మీద గీత వేసుకుంటూ పోతుంది. వానలు తప్పి చెరువు ఎండకు ఇగిరిపోతే, తేలిక రకం ఆక్సిజన్ ముందు ఆవిరైపోయి, మిగిలిన నీటిలో బరువైన రకం వాటా పెరుగుతుంది. ఆ జాడ గుల్లలో నిలిచిపోతుంది. ఒక్కొక్క గీతనూ తొలిచి, చిటికెడు పొడి తీసి పరీక్షిస్తే మంచి కాలమేదో కరువు కాలమేదో తెలుస్తుంది. అయినా ఆమె విద్యార్థులం మేము రాసిన ప్రతి వాక్యంలోనూ ఆమె 'కావచ్చు' కోసం వెతికేవారు. అది లేకపోతే కాగితం పక్కన పెట్టి, కళ్లజోడు పైనుంచి చూసి, "అప్పుడు నువ్వు గొడుగు పట్టుకుని అక్కడే నిలబడ్డావా శ్రీశైలం?" అనేవారు. మిగతావాళ్లు కిసుక్కున నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

యాచారం అవతల ఒక పల్లెలో, మల్లేశం అనే రైతు మెట్ట చెలక గట్టున ఒక బూడిద దిబ్బ ఉండేది. ఆయన ఒప్పుకుంటే దాన్ని తవ్వాం. బూడిద పొరలో తెల్లగా, సున్నం వేసినట్టున్న చిప్పలు దొరికాయి. పరీక్షిస్తే వరుస కరువులని తేలింది. ఆ రోజుల్లో ప్లాట్ల బ్రోకర్లు ఆ ఊరి చుట్టూ ఈగల్లా ముసురుతున్నారు. తవ్వకంలో ఏం తేలిందో చెప్పమని రైతులు అడిగితే, పంచాయతీ ఆఫీసు ముందు మేడం మా మాటలోనే చెప్పారు. ఆమెది కోస్తా. మా యాసను ముచ్చటపడి నేర్చుకున్నారు. "ఈడ వరుసగ వానలు తప్పినయ్. జనం ఊరిడిచి పోయిండ్రు" అన్నారు. అందులో 'కావచ్చు' లేదు. ఆమె అంత ధాటిగా మాట్లాడుతుంటే మురిసిపోతున్న నాకు ఆ సంగతి తట్టనే లేదు.

బ్రోకర్లకు కావలసింది అదే. ఈ నేలకు వానలు రాసిపెట్టి లేవని పెద్ద మేడమే చెప్పిందని ఇల్లిల్లూ తిరిగి ప్రచారం చేశారు. మల్లేశం చెలక అమ్మేశాడని, ఇంకొందరు అమ్మబోతున్నారని తవ్వకానికి వచ్చిన కూలీల వల్ల మాకు తెలిసింది. సరిగ్గా ఆ వారంలోనే ఇంకో పరీక్షలో అసలు సంగతి బయటపడింది. ఆ తెలుపు నిప్పు వల్ల వచ్చింది. ఆనాటివాళ్లు చిప్పలు నోరు తెరవాలని వాటిని నిప్పుల్లో కాల్చుకు తిన్నారు. కాలితే వాన జాడ చెదిరిపోతుంది. మా కరువులన్నీ ఆ మంట పుట్టించినవే. మేడం ఒక తెల్ల చిప్పను చేతిలోకి తీసుకున్నారు. తర్వాత మెల్లగా, "బూడిదలోంచి తీశాం శ్రీశైలం. కాలాయేమో అని అడగలేదు" అన్నారు.

నాకు తల తీసేసినట్టయింది. ఊళ్లోకి వెళ్లడానికి ముఖం చెల్లక, ముందు పరిశోధన పత్రికకు రాసి తప్పు దిద్దుకుందామన్నాను.

"పత్రిక చదివి అమ్మాడా మల్లేశం?" అన్నారామె.

మర్నాడే వెళ్లాం. అరుగు మీద కూర్చున్న మల్లేశానికి ఆమె నిలబడే అంతా చెప్పారు. చిప్పలు కాలాయని, తాను చూసుకోలేదని, వానల గురించి అన్న మాట తప్పని, మన్నించమని. ఆయన చాలా మర్యాదస్తుడు. "నీ మాటకే అమ్మలే మేడం. బిడ్డ పెండ్లున్నది, ఎట్లన్న అమ్మేదే" అన్నాడు. ఆయన భార్య యాదమ్మ చేటలో కందులు చెరుగుతూ తలెత్తలేదు.

"గట్లనే అంటడు. నీ మాటినకముందు అమ్ముత అన్లేదు. మాఫీ మాకెందుకమ్మా, దాన్నేం జేస్కోవాలె? ఇంక అమ్మనోళ్లున్నరు, వాళ్లకు జెప్పు పో."

ఆమె గొంతులో కోపం కూడా లేదు. ఉంటే కాస్త తేలికపడేవాణ్నేమో. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ రోజు మేడం తీసుకోవడానికే ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి గడప ముందూ అవే మాటలు. నేను పక్కనే తలదించుకుని నిలబడ్డాను. కొందరు నవ్వారు. మొన్న గట్లంటివి, ఇయ్యాల గిట్లంటున్నవు, రేపేమంటవని ఒకాయన నిలదీశాడు. చివరికి ఒక ముసలామె విసిగిపోయి, ఇంతకూ వానలు పడతాయా పడవా అది చెప్పమంది. వానల మీద పరిశోధనకు దేశమంతా పేరున్న మనిషి, "నాకు తెల్వదమ్మా" అన్నారు.

ఇద్దరు ముగ్గురు అమ్మకం మానుకున్నారు. మల్లేశం చెలక మాత్రం తిరిగి రాలేదు. మేడం ఇప్పుడు లేరు. ఆమె దగ్గర చిప్పను తొలచడం నేర్చుకున్నాను, గీతలు చదవడం నేర్చుకున్నాను. 'తెల్వదు' అనడం మాత్రం ఇంకా సరిగా అబ్బలేదు. పోయిన వారం యాచారం దగ్గరే మా కొత్త తవ్వకం చూడవచ్చిన రైతు ఒకాయన, పక్క చెలక కౌలుకు పట్టి పత్తి వేద్దామనుకుంటున్నానని, వానలెట్లుంటాయని అడిగాడు. చుట్టూ నా విద్యార్థులున్నారు. "ఫికర్ జెయ్యకు అన్నా, మస్తు పడ్తయ్" అనేశాను. ఏ చిప్ప చెప్పింది నాకా మాట? ఆయన నా చెయ్యి పట్టుకుని సంతోషంగా వెళ్లిపోయాడు.

రాత్రంతా పన్ను కన్నా అదే ఎక్కువ సలిపింది. తెల్లవారగానే యాచారం బస్సెక్కాలి. ఆయన ఇంకా కౌలుకు మాట ఇచ్చి ఉండకపోతే బాగుండు.