ఇసుక కింద వేడి

మొన్న మంగళవారం ఉదయం చేపల తొట్లలో నీళ్ళు మారుస్తుంటే కబురొచ్చింది, మోటార్లకు తీగ చుట్టే బాబాయిగారు పోయారని. యానాం మెట్టకూరులో మా దుకాణానికి ఎదురుగానే ఆయన షెడ్డు. చుట్టరికం ఏమీ లేదు. మేము పెంచి అమ్మే రంగు చేపలు ఇంకా మా దగ్గర ఉన్నాయంటే మాత్రం ఆయన వల్లే.

యానాంలో నీళ్ళకు వేడెందుకని చాలామంది అడుగుతారు. జనవరిలో ఏటిగాలికి తొట్లు చల్లబడితే చేపల ఒంటిమీద తెల్లచుక్కలు లేస్తాయి. నాలుగేళ్ళ కిందట అందుకే గాజు హీటరు పెట్టాను. అది పగిలింది. తెలియక నీళ్ళలో చెయ్యి పెట్టిన నా భార్యకు షాకు కొట్టింది. రెండు రోజులు చెయ్యి లేవలేదు.

"తొట్లు అమ్మేయండి. ఇంక నేను ముట్టుకోను," అంది.

మేత వెయ్యడం, పిల్లచేపలను వేరు చెయ్యడం తన పనే. తను ముట్టుకోకపోతే దుకాణం లేదు.

బాబాయిగారు పగిలిన హీటరును అటూ ఇటూ తిప్పి చూశారు. "నీళ్ళలోకి ఇంటి కరెంటు ఎందుకు పంపడం అబ్బాయ్? తగ్గించి పంపుదాం."

పాడైన యూపీఎస్‌లోంచి ట్రాన్స్‌ఫార్మర్ తీసి, లావు తీగ చుట్లన్నీ విప్పేశారు. కొత్త తీగ పది చుట్లు మాత్రం చుట్టి, కరెంటిచ్చి మీటరు చూశారు. నాలుగు వోల్టులు. "ఎన్ని చుట్లు కావాలో దాన్నే అడగాలి," అన్నారు. అరవై చుట్లకు ఇరవై నాలుగు వచ్చాయి. ఇంటి కరెంటు వచ్చే సన్నతీగ చుట్లు, నీళ్ళ వైపు వెళ్ళే కొత్త చుట్లు ఎక్కడా కలవవని నాకు చూపించారు. ఫ్యూజు పెట్టి, పెట్టెను తొట్టికి దూరంగా గోడకు ఎత్తున బిగించారు. రబ్బరు తొడుగున్న, కరెంటుకు వేడెక్కే తీగను తొట్టి అడుగున వంకరలుగా పరిచి, పైన గోదావరి ఇసుక బెత్తెడు మందాన పోశాం.

సాయంత్రమైనా నీళ్ళు వేడెక్కలేదు. పెట్టె పట్టుకెళ్ళి మళ్ళీ చుట్టి తెచ్చారు. అదే వరస. మూడోసారి పెట్టె దించబోతుంటే, గుమ్మంలో నిలబడి చూస్తున్న నా భార్య విసుగ్గా వచ్చి ఇసుకలోకి వేళ్ళు గుచ్చింది.

"అడుగున కాలిపోతోందండి బాబాయిగారూ. ఈ మెత్తటి ఇసుక పైకి రానిత్తేగా."

"కరెంటుందమ్మాయ్ అందులో," అన్నారాయన నెమ్మదిగా.

తను చెయ్యి లాక్కుంది.

"ఇప్పుడు లాక్కుని ఏం చేస్తావ్? పరీక్ష అయిపోయింది."

ముందు నవ్వింది తనే.

ఇసుక తీసి గులకరాళ్ళు పోశాం. మర్నాటికి నీళ్ళు వేడెక్కాయి. "మూడుసార్లు తీగనే అనుమానించాను, ఇసుకను ఒక్కసారీ అడగలేదు," అని టీ కొట్టు దగ్గర ఆయనే చెప్పుకునేవారు. నా భార్యకు మాత్రం, ముందు నీళ్ళలో కరెంటు లేదని మీటరు పెట్టి చూడమని, తర్వాత చేతి వెనకవైపు ఆనించమని నేర్పారు. అరచేత్తో తాకితే షాకుకు వేళ్ళు ముడుచుకుని వదలవట.

అప్పటినుంచి ప్రతి చలికాలం పొద్దున్నే టీ గ్లాసుతో వచ్చి తొట్టి ముందు కూర్చునేవారు. నల్లచేపలు రెండు వెచ్చటి చోటు వదిలి ఎడమ మూలకే ఎందుకు పోతాయన్న ఆలోచన ఆయనను పట్టుకుంది. కిందటి నెల తీగ వంకరలు మార్చి చూశారు. అయినా అక్కడికే పోయాయి. "చూద్దాం, ఇంకా చలి ఉందిగా," అన్నారు.

దహనం అయ్యాక తలస్నానాలు చేసి దుకాణం తీశాం. నా భార్య మీటరు చూసి, చేతి వెనకవైపు నీళ్ళకు ఆనించింది. మేత వెయ్యకుండా అలాగే వంగి ఉండిపోయింది.

"ఇంకా ఆ మూలనే ఉన్నాయి," అంది.

ఎదుటి షెడ్డు వైపు చూశాను. తలుపు పక్కన ఆయన టీ గ్లాసు బోర్లించి ఉంది.