ఒడినిండా బియ్యం, కింద సీటు బెల్టు

ఆఫీసులో నా పక్క కుర్చీ సుజాతది. పోయిన నెల ఒక మధ్యాహ్నం టిఫిన్ బాక్సు మూత తీస్తూ, "అక్కా, ఆదివారం మా అవ్వ నాకు ఒడిబియ్యం పోస్తున్నది. నువ్వు తప్పకుంట రావాలె" అంది. వాళ్ల వైపు అవ్వ అంటే అమ్మ. మాది తెనాలి వైపు. హైదరాబాదు వచ్చి పాతికేళ్లు దాటినా ఒడిబియ్యం గురించి వినడమే కానీ కళ్లతో చూసింది లేదు. పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు ఆమె కొంగులో పోసి, ఆ నిండు ఒడితోనే అత్తింటికి సాగనంపుతారు. మూడేళ్లకో ఐదేళ్లకో ఒకసారి చేస్తారు. సుజాత పుట్టిల్లు చేవెళ్ల పక్కనున్న ముడిమ్యాల, అత్తిల్లు మొయినాబాద్ దాటాక వచ్చే చిన్న మంగళారం. చూడాలన్న సరదా నాకెలాగూ ఉంది, పైగా ఆ అమ్మాయి అడిగిన తీరులో ఏదో బతిమాలడం వినిపించింది. సరే అన్నాను. "మా అన్నది కారున్నది, ఆయన్నే పంపుత" అంది.

ఆదివారం పొద్దున్న ఏడింటికి నార్సింగిలో మా అపార్టుమెంటు ముందు తెల్ల కారు ఆగింది. సుజాత అన్న యాదగిరికి నలభై ఏళ్లుంటాయి. చూడ్డానికి నోట్లో నాలుక లేని మనిషిలా ఉన్నాడు. నేను అలవాటు ప్రకారం ముందు సీట్లో కూర్చుని, నడుము వెనక నా చిన్న దిండు పెట్టుకుని, సీటు హాయిగా వెనక్కి వాల్చి, బెల్టు పెట్టుకున్నాను. నేను పొట్టిదాన్ని. బెల్టు సరిగ్గా మెడ మీద ఒరుసుకుంటుంది కాబట్టి దాన్ని చంక కిందికి తోసేసుకుంటాను. పోలీసుకు బయటి నుంచి బెల్టు కనిపిస్తుంది, నా మెడా బతుకుతుంది. ఇన్నేళ్లూ అదే నా తెలివి. యాదగిరి తాళం తిప్పలేదు. "అక్కా, ఏమనుకోకు. బెల్టు అట్ల పెడితే పక్కటెముకలు ఇరుగుతయి" అన్నాడు. తర్వాత తన చెయ్యి చాపి, తలుపు పక్క కమ్మీ మీద బెల్టు పైనుంచి దిగే చోట ఉన్న మీటను నొక్కి కిందికి జరిపాడు. బెల్టు మెడ మీంచి జారి భుజం మధ్యకి వచ్చి కూర్చుంది. అలాంటి మీట ఒకటుందని, మా ఇంట్లో కారు కొని తొమ్మిదేళ్లయినా నాకు తెలియదు.

అంతటితో వదల్లేదు. దిండు తీయించాడు, సీటు నిటారుగా లేపించాడు. "వాల్చి పండుకుంటె, బ్రేక్ పడ్డప్పుడు మనిషి బెల్టు కిందికెళ్లి జారిపోతరు. కింది పట్టి పొట్ట మీద కాదు, గీడ, తుంటెముక మీద పట్టాలె" అని తన మీదే చూపించాడు. హెడ్‌రెస్టు నా తల వెనక్కి వచ్చేలా సర్దుకోమన్నాడు. నాకు కొంచెం చిరాకేసింది. చేవెళ్ల దాకా వెళ్లడానికి ఇంత తతంగమా అనుకున్నాను కానీ పైకి అనలేదు. ఆయన తన బెల్టు పెట్టుకుని, చేత్తో పట్టి ఒకసారి గట్టిగా లాగి చూసుకుని, అప్పుడు బండి కదిలించాడు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరితే దారి హాయిగా ఉంటుంది. పోలీస్ అకాడమీ కూడలి దాటి బీజాపూర్ రోడ్డు ఎక్కితే అజీజ్‌నగర్, మొయినాబాద్ మీదుగా చిన్న మంగళారం చేరడానికి గంటలోపే పట్టింది. ఎనిమిదిన్నర దాటితే ఫామ్‌హౌసులకు వెళ్లే కార్లు, చిలుకూరు వైపు తిరిగే కార్లు కలిసి మొయినాబాద్‌లో బండి ముందుకు సాగదు. రోజంతటికీ కారు కిరాయి ఈ వైపు డీజిలుతో కలిపి రెండున్నర వేలు, మూడు వేలు దాకా అడుగుతున్నారు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు మెహదీపట్నం నుంచి చేవెళ్లకు బస్సు ఉంది, అక్కణ్నుంచి ఊళ్లకు ఆటోలు దొరుకుతాయి. చిన్న మంగళారంలో సుజాత ఎక్కింది. ఆమె భర్త బైకు మీద ముందే వెళ్లిపోయాడట. వెనక సీటులో కూర్చుంటూనే బెల్టు లాగి టక్కుమనిపించింది. అప్పుడు చూశాను, ఆ సీటు కవర్లు. మెరూన్ రంగు మెత్తని కవర్లే కానీ బకిళ్లు ఉన్న మూడు చోట్లా కత్తెరతో కోసి, అంచులకు చేత్తో కుట్టు వేశారు. కుట్టు వంకరటింకరగా ఉంది.

చేవెళ్లలో పూలు కొనడానికి ఆగాం. యాదగిరి పూల బజారులోకి వెళ్లాడు. సుజాతా నేనూ రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు, పల్లీ చట్నీలో కారం దంచికొట్టారు. కవర్లు ఎవరు కోశారని అడిగాను. సుజాత ప్లేటు వంక చూస్తూ చెప్పింది. "ఐదేండ్ల కింద గిదే కార్ల, ఒడిబియ్యం ఒడిల పెట్టుకోని పోతున్న అక్కా. కొత్త బండి, కొత్త కవర్లు. బెల్టులు కవర్ల కిందనే ఉండిపోయినయి. ముందల ట్రాక్టర్ ఆగింది, అన్న బ్రేక్ కొట్టిండు. బండికి గీత గుడ పడలె. నేనే పోయి ముంగటి సీటుకు తగిలిన. రెండు చేతులతోని బియ్యం పట్టుకున్న గద, ఇంకేం పట్టుకుంట?" కాలర్ బోన్ విరిగిందట. నెలన్నర చెయ్యి మెడకు కట్టుకుని ఉందట. బియ్యం మొత్తం కారులో ఒలికిపోయాయట. "ఎముక అతుక్కున్నది. మా అవ్వకే ఇంకా అతకలె. ఒడి ఒలికింది, నా చెయ్యి మంచిది కాదు, ఇంక నేను పొయ్య అన్నది. మూడేండ్లప్పుడు అడిగితే ఏడ్చింది. గీసారి నేనే మొండికేసిన, నువ్వే పొయ్యాలె, ఇంకెవ్వరు పోసినా నేను పట్టను అని."

నన్ను ఎందుకు అంతలా రమ్మందో అప్పుడు అర్థమైంది. ఈసారి తన పక్కన ఎవరైనా ఉంటే బాగుండుననిపించి ఉంటుంది.

చేవెళ్ల నుంచి ముడిమ్యాల ఎంతో దూరం లేదు. తొమ్మిదింబావుకల్లా వాళ్ల వాకిట్లో ఉన్నాం. తల్లి నర్సమ్మగారు సన్నగా, గట్టిగా ఉన్నారు. నా చేతులు పట్టుకుని, "వచ్చినవా బిడ్డా" అన్నారు, నన్నెప్పటి నుంచో ఎరిగినట్టే. మధ్యాహ్నం భోజనాలయ్యాక మూడింటికి సుజాతను తూర్పు ముఖంగా పీట మీద కూర్చోబెట్టారు. ఆకుపచ్చ చీర. కొంగు ముందుకు తెచ్చి ఒడిలో పరిచారు. నర్సమ్మగారు పసుపు బియ్యం దోసిట పట్టారు. ఆ దోసిలి వణకడం గది అవతల నిల్చున్న నాక్కూడా కనిపించింది. సుజాత తల ఎత్తి తల్లినే చూస్తోంది. మొదటి దోసిలి పడగానే ఇద్దరి కళ్లూ నిండాయి. నేనూ కళ్లు తుడుచుకున్నాను, దాచుకోవడం దేనికి. అయిదు కిలోల పైచిలుకు బియ్యం, కుడుకలు, రవికె గుడ్డ, అన్నీ కలిపి కొంగును నడుముకు ముడి వేశారు. ఇక అత్తింట్లో దేవుడి ముందు విప్పేదాకా దాన్ని ఎక్కడా దించకూడదు. వాళ్లింటి పద్ధతి అది.

నాలుగింటికి ఆ నిండు ఒడితో సుజాత కారెక్కింది. యాదగిరి వెనక తలుపు తీసి బెల్టు లాగాడు. మూట ముందు నిండుగా ఉంది. బెల్టు దాని చుట్టూ తిప్పితే కింది పట్టి తుంటి మీద కాక, బియ్యం మీద, పొట్టకు ఎత్తున నిలబడింది. ఆయన రెండు మూడు రకాలుగా ప్రయత్నించి నిటారుగా నిలబడ్డాడు. "గిట్ల కుదరది. బ్రేక్ పడితే మూట జరుగుతది, బెల్టు లూజైతది, పోయి పొట్టల గుచ్చుతది. బియ్యం జర పక్కకు పెట్టాలె."

"ఒడిలకెళ్లి తీస్తే ఖాళీ చేసినట్టేరా" అన్నారు నర్సమ్మగారు.

"ఐతే నేను బండి తియ్య."

వీధిలో నలుగురూ గుమిగూడారు. నేను మధ్యలో దూరి, తెలిసీ తెలియని పెద్దరికంతో, మూటను డిక్కీలో పెడితే సరిపోదా అన్నాను. నర్సమ్మగారు నావైపు చూసిన చూపుకు ఆ మాట అక్కడే మింగేశాను. "పోనీ మెల్లగా వెళ్దాం, పట్టుమని ముప్పావు గంట కూడా లేదు" అన్నాను. యాదగిరి నాకేసి తిరిగాడు. ఆ మనిషి గొంతు పెంచలేదు. "అప్పుడు గుడ మెల్లగనే పోయిన అక్కా. నలభై మీదనే ఉన్నది బండి. మెల్లగ పోతున్నం గద అనే, కవర్ల కింద బెల్టు ఎతకలె." తాళం చెవి జేబులో వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. "చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నోన్ని. ఆకులన్నా ఇడువ" అన్నాడు.

సుజాత కారులో బియ్యం పట్టుకుని, ఒకసారి అన్నను, ఒకసారి తల్లిని చూస్తోంది. నర్సమ్మగారు చాలాసేపు ఆ వంకర కుట్టు వేసిన సీటు కవర్ల వైపే చూస్తూ నిలబడ్డారు. ఆ కుట్టు ఆవిడదే అని తర్వాత తెలిసింది. ఉన్నట్టుండి తన కొంగు భుజం మీంచి తీసి ముందుకు పరుచుకున్నారు. కారు దగ్గరికొచ్చి కూతురి ముందు వంగారు. "విప్పు బిడ్డా, నా ఒడిల పొయ్యి. ఒడిలకెళ్లి ఒడిలకు పోతే ఖాళీ అయినట్టు కాదు."

సుజాత ముడి విప్పి బియ్యం తల్లి కొంగులో పోసింది. నర్సమ్మగారు ఆ బరువు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. యాదగిరి గబుక్కున లేచాడు. చెల్లెల్ని సీటు వీపుకు ఆనుకుని వెనక్కి జరిగి కూర్చోమన్నాడు. బెల్టు మెలిక లేకుండా సాపు చేసి, పై పట్టి భుజం మీదుగా ఎద మధ్యకి, కింది పట్టి తొడల మొదట్లో తుంటికి ఆనేలా లాగి, టక్కుమనిపించి, ఒకసారి గుంజి చూశాడు. మూటకు చోటు కావాలని నా ముందు సీటును రెండు గళ్లు ముందుకు జరిపాడు. తర్వాత బండెక్కి, ఎవరూ అడగకుండానే, వీధిలో దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి తూర్పు ముఖంగా నిలబెట్టాడు. అప్పుడు సుజాత బెల్టు మీదుగా కొంగు పరిచింది. తల్లి తన కొంగు నడుముకు దోపుకుని, తలుపు దగ్గర నిలబడి దోసిలితో మళ్లీ మొదటి నుంచి పోసి, కూతురి కొంగు ముడి వేశారు. ఈసారి చేతులు వణకలేదు. కారు సీటులో ఒడిబియ్యం పోయడం ఊళ్లో ఎవరూ చూడలేదట. ఒకావిడ మాత్రం, "గిదేదో మంచిగనే ఉన్నది" అంది.

తిరుగు దారిలో చేవెళ్ల దాటి, చిన్న మంగళారం ఇంకా రాకముందు, పక్క మట్టిదారిలోంచి ఒక బైకు ఎటూ చూడకుండా రోడ్డు మీదికి వచ్చేసింది. యాదగిరి గట్టిగా బ్రేక్ తొక్కాడు. నా భుజం మీద బెల్టు బిగుసుకుంది. వెనక నుంచి గలగలమని నాలుగు గింజలు రాలిన చప్పుడు. బైకువాడు వెళ్లిపోయాడు. యాదగిరి బండి పక్కకు ఆపాడు, కానీ వెనక్కి తిరగలేదు. స్టీరింగ్ మీద వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి.

"అన్నా, ఉన్న" అంది సుజాత వెనక నుంచి. "బియ్యం గుడ ఉన్నయి."

అప్పుడు తిరిగి చూశాడు. చెల్లెలు కదలకుండా కూర్చున్నచోటే ఉంది. ఒకటి రెండు నిమిషాలు అలాగే చూసి, ముఖం తుడుచుకుని, బండి తీశాడు.

చిన్న మంగళారం చేరేసరికి అయిదింటికి అయిదు నిమిషాలు తక్కువ. సుజాత గడప దాటి, దేవుడి ముందు ఒడి విప్పి, తల్లికి ఫోను చేసి స్పీకరు పెట్టింది. "అవ్వా, ఇంట్ల అడుగు వెట్టిన. మంచిగ వచ్చినం. ఒడి నిండుగనే ఉన్నది." అవతలి నుంచి నర్సమ్మగారి గొంతు వినిపించింది, మామూలుగా, పని పురమాయిస్తున్నట్టు. "ఐదు దినాలల్ల వండి అందరికి పెట్టు. మళ్ల మూడేండ్లకు నేనే పోస్త." గుమ్మం దగ్గర నిలబడ్డ యాదగిరి చెప్పులు వేసుకునే నెపంతో బయటికి వెళ్లిపోయాడు.

ఇంటికి వస్తూ నేను చాలా ఆలోచించాను. ఆచారం కావాలంటే జాగ్రత్త మానుకోవాలి, జాగ్రత్త కావాలంటే ఆచారం వదులుకోవాలి అని నేను తేలిగ్గా అనేసుకునే మనిషిని. ఆ రోజు వాకిట్లో నాకు తోచింది డిక్కీ మాత్రమే. రెంటికీ చోటిచ్చింది మాత్రం ఐదేళ్లు తన చేతుల్నే తప్పుపట్టుకున్న ఒక తల్లి. ఆవిడ చేతుల తప్పు ఎప్పుడూ లేదు. తప్పు ఒక సీటు కవరుది, "ఇక్కడికే కదా" అన్న మాటది. ఆ మాట నేనూ వెయ్యిసార్లు అన్నదాన్నే.

ఈ దారిన కారు కిరాయికి తీసుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. బేరం కుదరకముందే వెనక సీటులో కూర్చుని, కవరు మీద చేత్తో తడిమి, బకిల్ దొరుకుతుందో లేదో, బెల్టు అందులో పడుతుందో లేదో చూసుకోండి. పడ్డాక ఒకసారి గుంజి చూడండి. దొరక్కపోతే కారైనా మార్చమనండి, కత్తెరైనా అడగండి. ఆ సాయంత్రం నార్సింగిలో నన్ను దింపేముందు యాదగిరి వెనక సీటు బకిల్ గాట్లోంచి చీపురు పుల్లతో ఒక పసుపు గింజ తీశాడు. అది అడ్డుపడితే బెల్టు సరిగ్గా పడదట. తీసినదాన్ని పారేస్తాడనుకున్నాను. చొక్కా జేబులో వేసుకున్నాడు.