పుల్ల మేస్త్రి ఏడో ఎక్కం

ఆ వడ్రంగిని కార్ఖానాలో అందరూ పుల్ల మేస్త్రి అనేవారు. గుమ్మం కొలవాలంటే మనిషెత్తు పుల్ల ఆనించి, కత్తితో గాటు పెట్టుకొచ్చి, ఆ గాటునే చెక్క మీదికి దించేవాడు. జేబులో టేపు ఉండేది గానీ అది అలంకారానికే. ఇరవై ఏళ్ళలో ఆయన బిగించిన తలుపు ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆయనకు ఎక్కాలు రావన్న సంగతి కట్టుకున్న భార్యకు కూడా తెలియదు.

అలాంటి మనిషి నెత్తిన కోత మిషన్ వచ్చి పడింది. యజమాని భుజం తట్టి, "నువ్వు చేసేదేం లేదు మేస్త్రీ. పలక వెడల్పెంత, పలకలెన్ని, మొత్తం ఎంత, అంకెలు కొట్టెయ్యడమే. నెలాఖరు నుంచి మిషన్ నీదే" అన్నాడు. మేస్త్రి తల ఊపాడు. ఊపక ఏం చేస్తాడు, నలుగురూ చూస్తుంటే?

ఇంట్లో మూడో తరగతి కూతురుంది. ఉన్నది పిడికెడు, నోరు మాత్రం ఊరంత. అందుకే మిరపగింజ అని పిలుచుకుంటారు. బడివాళ్ళు ఇంట్లో లెక్కలు చేసుకోమని పిల్లలందరికీ తలా ఒక ట్యాబు ఇచ్చారు. అందులో లెక్కల ఆట. జవాబు సరిగ్గా చెబితే కప్ప ఆకు మీంచి ఆకు మీదికి గెంతుతుంది. తప్పితే బుడుంగున నీళ్ళలో పడుతుంది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ ఉండరు. మేస్త్రి కిటికీ మూసి, కంచం పక్కన ట్యాబు పెట్టుకున్నాడు. పడింది కప్ప. మళ్ళీ పడింది. "ఇంకోసారి ప్రయత్నించు!" అని అది చంటిపిల్ల గొంతుతో అరిస్తే, పక్కింటివాళ్ళు విన్నారేమోనని ముద్ద గొంతులో అడ్డం పడింది. ఆట కూడా పాపం, పిల్లకు రావడం లేదనుకుని తేలిక లెక్కలిచ్చింది. కూడికలు దాటాడు, రెండో ఎక్కం దాటాడు, కిందా మీదా పడి ఆరో ఎక్కం కూడా పట్టాడు. ఏడు దగ్గర మాత్రం చతికిలపడ్డాడు.

కప్ప పడ్డ ప్రతిసారీ ఆ లెక్క కూతురి పేరు మీద టీచరుకు చేరుతోందని ఆయనకెలా తెలుస్తుంది?

మూడో వారం బడి నుంచి పిలుపొచ్చింది. టీచర్ల గదిలో మిరపగింజను పక్కన నిలబెట్టి, టీచరు తెర ఇటు తిప్పి చూపించింది. "చూడండి. ఏడో ఎక్కంలోనే నూట పన్నెండు తప్పులు. క్లాసులో అడిగితే గడగడా చెబుతుంది. ఇంట్లో ఆడమంటే ఇదీ! పొగరు కాకపోతే ఏంటండీ? లెక్కల పోటీకి పంపుదామనుకున్నా. పేరు కొట్టేశాను."

మేస్త్రి చెవులు కాలిపోయాయి. నోరు తెరిచాడు, దగ్గు వచ్చింది.

"నేనే టీచర్," అంది మిరపగింజ నేల చూస్తూ. "కప్ప పడితే నవ్వొస్తుందని, కావాలనే పడేశాను."

అప్పుడైనా చెప్పాలా వద్దా? చెప్పలేదు మహానుభావుడు. పైగా, "ఇంటికెళ్ళాక బుద్ధి చెబుతానండీ" అన్నాడు. ఆ మాట తన నోట ఎలా వచ్చిందో, బతికున్నన్నాళ్ళూ ఆయనకు అర్థం కాలేదు.

ఇద్దరూ వీధి మలుపు దాకా నడిచారు.

"ఆడింది నేనని నీకెలా తెలుసే?" అన్నాడు.

"ట్యాబు మీద రంపపు పొట్టు ఉంటుంది కదా నాన్నా. అమ్మ చూడకుండా రోజూ నేనే తుడుస్తున్నా." వేలు పట్టుకుని మెల్లగా చెప్పింది. "నీకు ఎనిమిది దగ్గరే తప్పుతోంది. ఏడెనిమిదులు యాభై ఆరు. గుర్తు పెట్టుకో."

మేస్త్రి నడిరోడ్డు మీద ఆగిపోయాడు. తన పరువు కోసం ఎనిమిదేళ్ళ పిల్ల తప్పంతా నెత్తిన వేసుకుంటే, తనేమో దానికి బుద్ధి చెబుతానన్నాడు! తన మీద తనకే అసహ్యం వేసింది. గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"వద్దు నాన్నా, టీచర్లంతా నవ్వుతారు!"

"నవ్వనీ."

గదిలో నలుగురు టీచర్లు టీ తాగుతున్నారు. గుమ్మంలోనే నిలబడి, ఆగితే మళ్ళీ దగ్గు వస్తుందన్న భయంతో గబగబా చెప్పేశాడు. "ఆ కప్పని పడేసింది నేనండీ. నాకు ఎక్కాలు రావు. పిల్ల నా పరువు కాపాడింది, నేను దాని పరువు తీశాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. టీచరు కొట్టేసిన పేరు మళ్ళీ రాసి, తన ట్యాబు అందుకుంది. "మీకు వేరే పేరుతో ఆట తెరిచి ఇస్తానండీ. ఏ తరగతి అని పెట్టమంటారు?"

గదంతా జవాబు కోసం చూస్తోంది. మేస్త్రి తల ఎత్తలేదు. "ఒకటో తరగతండీ," అన్నాడు.

వెనక నుంచి మిరపగింజ గొంతు ఖంగున మోగింది. "కాదు టీచర్, మూడో తరగతి పెట్టండి. మా నాన్నకి ఆరో ఎక్కం దాకా వచ్చు!"