మీసాల చేపకు తోడు

ఆ ఆసుపత్రి ఆయాకు పేరుందో లేదో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. "ఆయా" అంటే పలుకుతుంది, అంతే. మూడంతస్తులూ ఒక్కతే తుడవాలి. నిరుడు దాకా తోటికోడలు కూడా ఇక్కడే చేసేది. ఇద్దరూ కబుర్లాడుకుంటూ మధ్యాహ్నానికల్లా పని కానిచ్చేసేవాళ్లు. "ఒక్క మనిషి చాలదూ?" అంటూ డాక్టరమ్మ తోటికోడల్ని మాన్పించింది. అప్పట్నుంచీ ఆయాకు నడుం లేదు, ఉన్నదల్లా నొప్పే. మళ్లీ పెట్టుకోమని ఇవాళైనా అడగమంటూ తోటికోడలు పొద్దున్నే మరీ మరీ చెప్పి పంపింది.

రోగులు కూర్చునే హాల్లో డాక్టరమ్మ ముచ్చటపడి పెట్టించుకున్న చిన్న గాజుతొట్టి ఉంది. ఎర్రచేపలు వదిలేసిన మేత అడుగున కుళ్లుతోందని, దాన్ని ఏరుకు తింటుందని ఒక మీసాల చేపను తెప్పించి అందులో వదిలించింది. ఒక్కటంటే ఒక్కటే! శుభ్రం చేయడం మాట దేవుడెరుగు, అది గాలిగొట్టం వెనక నక్కి కూర్చుంది. వారమైనా మేత ముట్టలేదు.

నీళ్లు మార్చడానికొచ్చిన చేపల కొట్టతను చూసి తల పట్టుకున్నాడు.

"ఇవి గుంపు చేపలమ్మా. ఒంటరిగా ఉంటే బెదిరిపోయి తిండి మానేస్తాయి. తక్కువలో తక్కువ ఆరుండాలి. ఈ గరుకు రాళ్లకు మీసాలు అరిగిపోతాయి, సన్న ఇసుక పోయాలి. తొట్టి చిన్నది కదా, ఎర్రచేపల్ని నేను తీసుకుపోతా."

"అయ్యో పాపం, ఒక్కటే ఎంత బెంగపడిందో!" డాక్టరమ్మ మనసు కరిగి నీరైపోయింది. "ఇంకో ఐదు తెచ్చెయ్యవయ్యా. ఆయా, ఆ ఇసుక కడుగు."

కడిగింది పిచ్చిది. పది బకెట్లు మోస్తే గానీ నీళ్లు తేటపడలేదు.

సాయంత్రం కొత్తవి ఐదూ తొట్టిలో పడ్డాయో లేదో, గొట్టం వెనకది బయటికొచ్చింది. ఆరూ పక్కపక్కనే చేరి ఇసుకలో మూతులు పెట్టి వెతుక్కుంటున్నాయి. చూస్తుంటే ఆయాకు కడుపు రగిలింది. అసూయే, దాచడమెందుకు? చేప మీద అసూయ!

"అమ్మా," అంది బకెట్ దించి, "నాకూ రెండు మీసాలుంటే బాగుండేదండీ. మా తోటికోడల్ని తెచ్చి నా పక్కన వేసేవారు."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "భలేదానివే!" అంటూ నర్సుల్ని పిలిచి మరీ ఆ మాట చెప్పింది. వాళ్లూ నవ్వారు. ఆ నవ్వుతోనే డాక్టరమ్మ తన గదిలోకి వెళ్లిపోయింది.

ఆయా మూడో అంతస్తు మెట్లెక్కుతుండగా ఫోన్ మోగింది. తోటికోడలు.

"అడిగావా అక్కా?"

"అడిగానే."

"ఏమంది?"

"నవ్వింది."

ఆయా ఫోన్ పెట్టేసి బకెట్ ఎత్తుకుంది. తుడవాల్సిన గదులు ఇంకా నాలుగున్నాయి.